హాబ్లీని చంపిందెవరు?

"హ్యూబర్ట్, తలుపు తియ్."

స్నానాలగదిలో కొళాయి తిప్పిన చప్పుడైంది. కట్టేసిన చప్పుడైంది.

"నాన్నా, రెండు గంటలయింది నువ్వు లోపలికెళ్లి. అమ్మ నిలబడలేకపోతోంది."

"అయితే కూర్చోమను. మెట్లున్నాయిగా."

వినిఫ్రెడ్ నిజంగానే పైమెట్టు మీద కూలబడింది. అరవై ఏళ్ల మనిషి. పొద్దున్న తొమ్మిదిన్నర దాటినప్పటినుంచీ ఈ తలుపుతోనే మాట్లాడుతోంది. పక్కన కూతురు రోజలిండ్ కోటు కూడా విప్పకుండా తలుపుకు చెవి ఆనించి నిలబడింది. రోజలిండ్ భర్త కీత్ కింద వంటింట్లో ఉన్నాడు. పైకి రావడానికి అతనికి ధైర్యం చాలలేదు.

చాలకపోవడం న్యాయమే. లోపలున్న మనిషిని చంపింది అతనే.

కాగితం మీద అనుకోండి. కీత్ రాసే టీవీ కామెడీలో హాబ్లీ వేషం మామగారిది.

"ముప్ఫై ఒకటో పేజీ," అంది లోపలి గొంతు. కాగితం విదిలించిన చప్పుడు. "వినండి. 'ఆల్బర్ట్ వచ్చి టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు.' టోపీ తీశాడంటేనే అర్థమైపోవాలి. 'ఐవీ: ఎలా జరిగింది? ఆల్బర్ట్: కొత్త నోటీసు బోర్డు తిన్నగా ఉందో లేదో చూద్దామని హాబ్లీగారు నాలుగడుగులు వెనక్కి వేశారు. ఐవీ: అయితే ఏం? ఆల్బర్ట్: ఈతకొలనులో నీళ్లు లేవు.'"

మెట్ల మీద వినిఫ్రెడ్ కళ్లు మూసుకుంది.

"దీనికి జనం నవ్వుతారు. అరనిమిషం నవ్వుతారు. నేనక్కడుంటే ఇంకో పది సెకన్లు లాగేవాణ్ణి. కానీ లేనుగా. పోయానుగా!"

అంతా ఇవాళ పొద్దున్న మిసెస్ డ్రూ ఫోనుతో మొదలైంది. టీవీ కంపెనీలో నటుల దుస్తులు చూసే మనిషి. పాపం, ఆవిడ తప్పేమీ లేదు. "మిస్టర్ టాన్స్లీ, ఆదివారం రికార్డింగుకి మీ నల్లటోపీ మర్చిపోకండేం. శవపేటిక మీద పెట్టాలంట," అంది. "ఎవరి శవపేటిక?" అన్నాడు హ్యూబర్ట్. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

స్క్రిప్టు గురువారమే పోస్టులో వచ్చింది. వచ్చిన అయిదు నిమిషాల్లో హ్యూబర్ట్ దాన్ని రెండు భాగాలు చేశాడు. తన మాటలున్న పేజీలు క్లిప్పుకి. మిగతావి పాతకాగితాల కట్టకి. చిన్న ఊళ్ల కంపెనీల్లో వారానికో కొత్త నాటకం ఆడిన రోజుల్లో అబ్బిన అలవాటది. సాయంత్రాలు ఒక నాటకం ఆడుతూ పగళ్లు వచ్చేవారం నాటకం నేర్చుకునేవాళ్లు. మొత్తం చదివే తీరిక ఎవడికుంది? నీ మాటలు బట్టీపట్టు, నీకు ముందు మాట ఎవరిదో గుర్తుపెట్టుకో, మిగతా కథ స్టేజీ మీద విని తెలుసుకో. హంతకుడెవరో తెలియకుండానే హ్యూబర్ట్ పదకొండు నాటకాల్లో పోలీసు వేషం వేశాడు.

ఈ వారం ఆయన మాటలు పన్నెండో పేజీతో అయిపోయాయి. కొన్ని వారాలు అంతే, వింతేమీ కాదు. సోమవారం అందరూ కలిసి స్క్రిప్టు చదివే రోజు. ఆ ఉదయం నిర్మాతే ఫోన్ చేసి, "రెండు సీన్ల కోసం మీరెందుకు శ్రమపడి రావడం, విశ్రాంతి తీసుకోండి," అన్నాడు. పెద్దవాడినని మర్యాద చేశారనుకున్నాడు హ్యూబర్ట్. ఆ సంగతి వీధిలో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

ముప్ఫై ఒకటో పేజీ ఇవాళ దొరికింది. చిలుక పంజరం అడుగున.

"సరిగ్గా నా పేరు మీదే రెట్ట వేసింది," అన్నాడు లోపల్నుంచి. "ఈ ఇంట్లో నిజం చెప్పే ప్రయత్నం చేసింది అదొక్కటే. నిర్మాతకి తెలుసు. మిసెస్ డ్రూకి తెలుసు. నా కన్నకూతురికి తెలుసు. దాని మొగుడికి తెలియడమేమిటి, రాసిందే వాడు! చిలక్కి తెలుసు. నాకెవరూ చెప్పలేదే!"

రోజలిండ్ ఫక్కున నవ్వింది.

ఆపుకోలేకపోయింది. మునిసిపల్ ఈతకొలను సూపరింటెండెంటు మిస్టర్ హాబ్లీ మూడేళ్లుగా వారానికొక్కసారి అనే మాట అది. 'నాకెవరూ చెప్పలేదే!' అనేసరికి దేశం మొత్తం ఇళ్లలో కూర్చుని ఇలాగే నవ్వేది. ఆ గొంతు అలా విరిగితే నవ్వకుండా ఉండటం ఆ ఇంట్లో పెరిగినవాళ్లకి కూడా చేతకాదు.

రోజలిండ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆలస్యమైపోయింది.

లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

గుండ్రటి బోడితల, కుంగిన బుగ్గలు, ఎవరో ఇప్పుడే కాలు తొక్కినట్టుండే ముఖం. ఆ ముఖాన్ని గుర్తుపట్టనివాడు దేశంలో లేడు. పేరు చెప్పగలిగినవాడూ లేడు. బస్సులో "మీరు... ఆయన కదూ?" అంటారు. ఒకావిడ అయితే తన గ్యాసు పొయ్యి బాగుచెయ్యడానికి ఇంకా ఎందుకు రాలేదని నడిరోడ్డు మీద నిలదీసింది. ముప్ఫై నాలుగేళ్ల వృత్తి. పాదిరి, బ్యాంకు మేనేజరు, హోటలు గుమాస్తా, రెండో జవాను. ఇరవై మూడు సినిమాలు. అన్నింట్లో తెరమీద కనబడ్డ సమయమంతా కలిపినా గంట నిండదు.

"నా కూతురు కూడా నవ్వింది," అన్నాడు హ్యూబర్ట్ మెల్లగా. "మంచిదే. ఎక్కడున్నాడు నా హంతకుడు?"

"హ్యూబర్ట్, ముందు నా మాట విను," అంటూ వినిఫ్రెడ్ లేవబోయింది.

ఆయన అప్పటికే సగం మెట్లు దిగాడు.

కీత్ ఆయన్ని చూసి కుర్చీలోంచి లేచాడు. ముప్ఫై రెండేళ్లవాడు. సన్నగా, పొడుగ్గా, పుట్టినప్పటినుంచీ క్షమాపణ చెబుతున్నవాడిలా ఉంటాడు. చేతిలో టీ కప్పు ఉంది.

"కూర్చోండి అల్లుడుగారూ. టీ చల్లారిపోతుంది. చక్కెర వేసుకున్నారా? ఇంకో రెండు చెంచాలు వేసుకోండి. మనిషిని చంపొచ్చాక ఒంట్లో నీరసంగా ఉంటుంది."

"హ్యూబర్ట్, నేను మీకు చెబుదామనే..."

"ఎప్పుడు? పెట్టెకి మేకులు కొట్టాకా?"

"నాన్నా, అరవకు. పక్కింటావిడ తోటలో ఉంది," అంది వెనకాలే దిగొచ్చిన రోజలిండ్.

"విననీ! ఆవిడా నవ్వుకుంటుంది. మొన్న ఆదివారం ఇదే బల్ల దగ్గర కూర్చున్నాడు నీ మొగుడు. గొర్రెమాంసం రెండోసారి వడ్డించుకున్నాడు. పుదీనా సాసు అందించమని నన్నే అడిగాడు. నేనే అందించాను! చచ్చినవాడి చేత సాసు అందించుకున్నాడు."

"ఆ రోజు నాకు గొంతు దిగలేదు," అన్నాడు కీత్.

"రెండోసారి దిగిందిగా!"

కీత్ తలదించుకున్నాడు. అడగకూడదని తెలిసే అడిగాడు. "ఆ సీను... అంత చెత్తగా ఉందా?"

హ్యూబర్ట్ అతన్ని నమ్మలేనట్టు చూశాడు.

"చెత్తగా ఉంటే నాకీ బాధెందుకయ్యా? బాగుంది! మూడేళ్లలో నువ్వు రాసినవాటిలో అంత మంచి జోకు లేదు. దాన్ని నేను లేని సీనుకి దాచుకున్నావు. ఎందుకు చేశావు? అది చెప్పు."

"కథ అలా అడిగింది."

"కథకి నోరుందా? ఎక్కడ అడిగింది, సందులోనా సారాకొట్టులోనా?"

కీత్ కళ్లు ఒక్క క్షణం తలుపు దగ్గర నిలబడ్డ వినిఫ్రెడ్ మీదికి వెళ్లి తిరిగొచ్చాయి. ఆ చూపు హ్యూబర్ట్‌కి కనబడలేదు. ఆయన కోపం ఇంకో దారి పట్టింది.

"శనివారం నేనేం చేశానో తెలుసా నీకు? నా ఏజెంటు ఒలివ్ ఫోన్ చేస్తే బ్రిస్టల్ నాటకం వద్దన్నాను. ముసలి జడ్జి వేషం. నా జన్మలో మొదటిసారి పోస్టరు మీద మొదటి పేరు. ఎందుకు వద్దన్నాను? హాబ్లీ ఉన్నాడుగా అని! ఇంకో రెండేళ్లు ఎక్కడికీ పోడుగా అని! ఇప్పుడు ఆ జడ్జీ లేడు, ఈ హాబ్లీ లేడు. ఆదివారం సాయంత్రం నుంచి నేనెవర్ని?"

"హ్యూబర్ట్, అతన్ని వదిలెయ్," అంది వినిఫ్రెడ్.

"ఎందుకు వదలాలి?"

"చంపమన్నది నేను."

కీత్ కప్పు బల్లమీద పెట్టేశాడు. పెట్టడంలో సాసరు మోగింది. రోజలిండ్ కిటికీవైపు తిరిగింది.

హ్యూబర్ట్ చెయ్యి కుర్చీ కోసం వెతికింది. కూర్చున్నాడు.

"మళ్లీ చెప్పు."

"ఆరు వారాల కిందట ఒలివ్ నాతో అంది, బ్రిస్టల్ వాళ్లు నీ గురించి వాకబు చేస్తున్నారని. ఖాయమయ్యేదాకా నీతో అనొద్దంది. తెర లేచేసరికి జడ్జి స్టేజీ మీద ఉంటాడంట. తెర పడేదాకా అక్కడే ఉంటాడంట. నీ సంగతి నాకు తెలీదా? హాబ్లీ బతికున్నంత కాలం నువ్వు కదలవు. కీత్ దగ్గరికెళ్లి ఆ మనిషిని తీసెయ్యమన్నాను."

"వారం రోజులు ఒప్పుకోలేదు నాన్నా," అంది రోజలిండ్ కిటికీవైపే చూస్తూ. "ఒకరోజు ఏడ్చాడు కూడా."

"నువ్వూ ఉన్నావా ఇందులో? ఇంకెవరున్నారు? పాలవాడికి చెప్పారా?"

"గురువారం స్క్రిప్టు వస్తుంది," అంది వినిఫ్రెడ్. ఆమె గొంతు పెరిగింది. "చదువుతావు. రెండ్రోజులు ఇల్లు పీకి పందిరేస్తావు. శనివారం బ్రిస్టల్ మాట అడగడానికి ఒలివ్ ఫోన్ చేస్తుంది. సరేనంటావు. అదీ నేననుకున్నది. నువ్వు మిగతా పేజీలు పారేస్తావని తెలిసే, పన్నెండో పేజీలో నీ చివరి మాట కిందే రాయించాను. 'హాబ్లీ వెళ్లిపోతాడు. ఇక కనిపించడు.' అంత పెద్ద అక్షరాలు!"

"అది బ్రాకెట్లలో ఉంది."

"ఉంటే?"

"బ్రాకెట్లలో ఉన్నవి నేనెప్పుడు చదివాను విన్నీ? ఎలా నడవాలో, ఎప్పుడు దగ్గాలో రచయితలు నాకు చెప్పాలా?"

"నా మొగుడు తన చావు వార్త కూడా చదవకుండా చిలకపంజరంలో పరుస్తాడని నేననుకోలేదు! శనివారం మార్కెట్టుకెళ్లి వచ్చేలోపు వద్దని చెప్పేశావు. ఆదివారం అందరిముందూ గొప్పగా ప్రకటించావు. అప్పట్నుంచి మూడు రోజులుగా గొంతు సవరించుకుంటున్నాను. మాట రాలేదు."

హ్యూబర్ట్ బల్లమీది చెక్క గీతల్ని వేలితో దిద్దాడు.

"ఎందుకు?" అన్నాడు చివరికి. అరుపు లేదు. "నేను నిన్నేమైనా అడిగానా? బాగానే బతుకుతున్నాంగా."

"ఒక్కటి చెప్పు. ముప్ఫై నాలుగేళ్లలో విరామం తర్వాత నువ్వు స్టేజీ మీదున్న నాటకాలెన్ని?"

ఆయన వేళ్లు లెక్కపెట్టబోయి ఆగాడు.

"నాలుగు. వీలునామా చదివి వెళ్లిపోతావు. తప్పుడు గదికి సామాను మోసి వెళ్లిపోతావు. శవాన్ని చూసి కెవ్వున కేకేసి వెళ్లిపోతావు. తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉంటావు. తెరపక్కన మాటలందించే పని మానేశాక నీతోపాటు నేనూ లేచొచ్చేసేదాన్ని. ఎన్ని నాటకాలకి ముగింపేమిటో నాకు ఈరోజుకీ తెలియదు. ఒక్కసారి చివరిదాకా కూర్చోవాలని ఉంది హ్యూబర్ట్. మధ్యవరసలో. నువ్వు వంగి దండం పెట్టేదాకా."

"అమ్మా," అంది రోజలిండ్.

గోడగడియారం పదకొండూ ముప్పావు చూపిస్తోంది. వినిఫ్రెడ్ దానివంక చూసింది.

"ఇంకో సంగతి కూడా ఉంది. ఇది విన్నాక కావాలంటే అరుచుకో. ఒలివ్ వాళ్లకి నువ్వు వద్దన్నావని ఇంకా చెప్పలేదు. ఆలోచించుకుంటున్నాడని చెప్పి ఆపింది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి వాళ్లు పోస్టరు అచ్చుకి పంపుతారు. అప్పటిదాకా ఆ వేషం నీదే. పావుగంటుంది."

కీత్ తలెత్తాడు. రోజలిండ్ ఇటు తిరిగింది. ముగ్గురూ ఆయన ముఖమే చూస్తున్నారు.

హ్యూబర్ట్ లేచాడు. స్వెటరు కిందికి లాక్కున్నాడు. లేని జుట్టు సవరించుకున్నాడు.

"తలుపు వేసుకోండి," అన్నాడు. "ఒలివ్‌తో మాట్లాడేటప్పుడు నాకు ప్రేక్షకులక్కర్లేదు."

ఫోను వీధిగుమ్మం పక్కన, కోట్లు తగిలించే కొయ్యల కింద ఉంటుంది. డయలు తిరిగిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. ఏడుసార్లు. ఆ తర్వాత గొణుగుడు. "అవును ఒలివ్... నేనే..." మళ్లీ గొణుగుడు. "అలాగా." చాలాసేపు ఏమీ లేదు. "సరే. సరే. ఉంటాను."

రోజలిండ్ తల్లి చెయ్యి పట్టుకుంది. కీత్ వేళ్లు కొరుక్కుంటున్నాడు.

హ్యూబర్ట్ లోపలికొచ్చి తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు. ముఖంలో రంగు లేదు.

"ఇచ్చేశారు," అన్నాడు. "పొద్దున్న తొమ్మిదింటికే. స్పూనర్‌కి."

"రెజినాల్డ్ స్పూనర్‌కా?" అన్నాడు కీత్. "ఆయన జడ్జా? ఆయన ముఖంలో వయొలిన్ పెట్టెకున్నంత భావమేగా!"

"మంచి నటుడు. పొడుగు మనిషి. న్యాయం చేస్తాడు. ఒలివ్ వాళ్లని ఆపాలనే చూసిందట. ఆగలేదు. ఎవరినీ ఏమనలేం."

రోజలిండ్ కళ్లనీళ్లు పెట్టుకుంది. హ్యూబర్ట్ వచ్చి ఆమె భుజం నిమిరాడు. "ఏడవకు తల్లీ. ఇలాంటివి మా వృత్తిలో వస్తుంటాయి, పోతుంటాయి." తర్వాత కీత్ దగ్గరికెళ్లి చెయ్యి చాచాడు. "నీమీద నాకేం కోపం లేదు నాయనా. మంచి మనసుతో చేశావు. ఆ శవపేటిక మీదికి నా టోపీ నేనే తెచ్చిస్తాను." కీత్ ఆ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఏడుపు ఆపుకోవడానికి తంటాలు పడ్డాడు.

వినిఫ్రెడ్ మాత్రం కదల్లేదు.

ఆమెకు ఈ మనిషి తెలుసు. నిజంగా దెబ్బ తగిలితే హ్యూబర్ట్ ఎవర్నీ ఓదార్చడు. రెండేళ్లపాటు కష్టపడి సంపాదించిన వేషం ఒకసారి చేజారినప్పుడు రొట్టె, వెన్న, అరకిలో జున్ను ఒక్క మాట లేకుండా తినేసి పడుకున్నాడు. వాళ్లమ్మ పోయినరోజున తోటలోకెళ్లి కంచెమొక్కల్ని నేలమట్టంగా కత్తిరించాడు. ఇప్పుడు చూస్తే తల పైకెత్తి నిలబడ్డాడు. ఒక్కొక్కరికీ ఒక్కో మంచిమాట పంచుతున్నాడు. ఆ గొంతు వంటింటికోసం తీసిన గొంతు కాదు. పైబాల్కనీలో చివరివరసకి వినిపించే గొంతు.

"ఒక్క నిమిషం. కోటు జేబులో నా చేతిరుమాలు ఉండిపోయింది," అని ఆమె బయటికి నడిచింది.

డయలు తిప్పింది. మొదటి మోతకే అవతల ఎత్తారు. వెనకాల పొగాకు దగ్గు.

"ఒలివ్ గార్ట్."

"ఒలివ్, నేను వినిఫ్రెడ్ని. స్పూనర్ సంగతి..."

"స్పూనరా? వాడి సంగతేమిటి? వాడు మూడు నెలల్నుంచి ఆస్ట్రేలియాలో తిరుగుతున్నాడు. నీ మొగుడు ఇప్పుడేగా రెండోసారి కూడా వద్దన్నాడు! బతిమాలాను విన్నీ, తిట్టాను కూడా. బ్రిస్టల్ వాళ్లు పన్నెండింటికి ఫోన్ చేస్తామన్నారు. ఇంకో నాలుగు నిమిషాల్లో వాళ్లకి ఆ మాటే చెప్పాలి. నా వల్ల కాదమ్మాయ్ ఇంక."

"లైన్లో ఉండు," అంది వినిఫ్రెడ్.

వంటింటి తలుపు తెరిచే ఉంది. హ్యూబర్ట్ అక్కడే నిలబడి ఆమెనే చూస్తున్నాడు. ఎంతసేపటినుంచో తెలియదు. ఆయన ముఖంలో ఇందాకటి గాంభీర్యం మొత్తం జారిపోయింది. వెనకాల రోజలిండ్, కీత్ ఏం జరిగిందో అర్థంకాక ఒకరినొకరు చూసుకున్నారు.

"నాన్నా? ఏమైంది?"

వినిఫ్రెడ్ అరవలేదు. రిసీవరు ఆయనవైపు చాచింది. తీగ పూర్తిగా సాగింది.

"నువ్వే చెప్పు."

"చెప్పాను."

"నాకు వినబడేలా చెప్పు. కాదంటావా, అను. నేను నిన్ను ఒక్క మాటనను. ఈ జన్మలో మళ్లీ ఆ ఊసెత్తను. కానీ స్పూనర్ పేరు చెప్పి నా కూతురిని ఏడిపించకు."

"విన్నీ..."

"హాబ్లీ కోసం కాదు నువ్వు వద్దన్నది. అవునా?"

హ్యూబర్ట్ నేలవంక చూశాడు. ఆ తర్వాత నాలుగడుగులు వేసి రిసీవరు అందుకున్నాడు. చెవికి తిన్నగా ఆనలేదు.

"ఒలివ్."

"చెప్పు హ్యూబర్ట్. తొందరగా."

"నాకు భయంగా ఉంది."

అవతల దగ్గు ఆగిపోయింది. ఇరవై రెండేళ్ల పరిచయంలో ఒలివ్ ఆయన నోట ఆ మాట వినలేదు. హాల్లో నిలబడ్డ ముగ్గురూ వినలేదు.

"తెర లేస్తుంది," అన్నాడు హ్యూబర్ట్. ఈసారి గొంతు చిన్నగా, గరగరగా ఉంది. "నేను కుర్చీలో ఉంటాను. నన్ను చూడగానే నవ్వుతారు. నేనేమీ అనకముందే నవ్వుతారు. నా ముఖమే అంత. అది నాకు తెలుసు, ఎన్నాళ్లయినా భరిస్తాను. కానీ ఎప్పుడో ఒకప్పుడు ఆపుతారు ఒలివ్. ఆపి, నావైపు చూస్తూ కూర్చుంటారు. వెయ్యిమంది. ఆ నిశ్శబ్దంలో ఏం చెయ్యాలో నాకు తెలియదు. నేనెప్పుడూ అది రాకముందే లోపలికెళ్లిపోయాను."

వినిఫ్రెడ్ చేతులు కట్టుకుని నిలబడింది. రోజలిండ్ ఈసారి నవ్వలేదు.

రిసీవరులోంచి, ఒలివ్ గొంతు వెనకాల ఎక్కడో, ఇంకో ఫోను మోగడం మొదలైంది.

"అది బ్రిస్టలే," అంది ఒలివ్. "హ్యూబర్ట్, నీ భయం సంగతి నేను వాళ్లకి చెప్పలేను. వాళ్లకి కావలసింది ఒక్క ముక్క. అవునా? కాదా?"

రెండోసారి మోగింది. మూడోసారి.

హ్యూబర్ట్ తల కొద్దిగా పక్కకి తిరిగింది. ఒక్క పావువంతు. చిన్న ఊళ్ల కంపెనీలో మాటలు అందించడానికి తెరపక్కన పుస్తకం ఒళ్లో పెట్టుకుని వినిఫ్రెడ్ కూర్చున్న రోజుల్లో, మాట మర్చిపోయినప్పుడల్లా ఆయన ఇలాగే తిరిగేవాడు. ప్రేక్షకులకి తెలియకుండా ఆమె పెదవులు కదిపేది. ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యలేదు.

ఇప్పుడూ 'అవును' అన్న మాట ఆమె నాలిక చివరే ఉంది.

వినిఫ్రెడ్ పెదవులు గట్టిగా బిగించుకుని, ఆయన కళ్లలోకి చూస్తూ, మొదటిసారిగా మాట అందించకుండా ఊరుకుంది.

అవతల ఫోను అయిదోసారి మోగింది. హ్యూబర్ట్ టాన్స్లీ గుండెనిండా గాలి పీల్చుకుని నోరు తెరిచాడు.